నూట ఇరవై ఏడో అద్దం

టెలిస్కోపు అద్దాలకు నునుపు పట్టే కర్మాగారంలో ఒక పొడుగాటి గది. మధ్యాహ్నం మూడు దాటింది. మేస్త్రి బల్ల దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయన మేనకోడలు, ఆ అద్దాలను పరీక్షచేసి సంతకం పెట్టే మనిషి, ఒకచోట నిలవలేక తిరుగుతోంది. ఆ తర్వాతదంతా వాళ్ళ నోటనే వినాలి.

"...వేడి కూడా తెలుస్తుందట మావయ్యా! వట్టి కదలడమే కాదు. టీ గ్లాసు పట్టుకుంటే కాలుతోందని తెలుస్తుందట."

"ప్లాస్టిక్ వేలికా?"

"ప్లాస్టిక్ కాదు, అదేదో మెత్తటి సరుకు. లోపల సన్నటి తీగలుంటాయి. వాటిని మనిషి నరాలకి కలుపుతారు. మొన్ననే పేపర్లో వచ్చింది. మీకొకటి తెప్పిద్దామా?"

"నాకెందుకే? పనిలో చేరిన ఏడాదే కోత మిషను తీసుకుపోయిన వేలు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత తిరిగొస్తే, దానికి మొదట్నుంచీ పని నేర్పుతూ కూర్చోవాలి."

"కుడిచేతి చూపుడువేలు మావయ్యా! లేకపోతే ఎంత ఇబ్బంది!"

"ఉంటేనే ఇబ్బంది. తొమ్మిదివేళ్ళ మేస్త్రి అని ఇంత పేరు సంపాదించుకున్నాను. పదోది తగిలించుకుంటే నన్నెవరు గుర్తుపడతారు?"

"నిజం చెప్పనా? మీకు వేలు లేదన్న సంగతే నాకు గుర్తుండదు. పుట్టినప్పట్నుంచీ ఆ చెయ్యే చూస్తున్నా కదా. ఎవరైనా అంటే, అవును కదా, అనుకుంటా."

"సరేలే. ఆ కాగితం ఏదీ? సంతకం పెట్టావా?"

"పెడతా. ఇంకోటి కూడా వచ్చింది పేపర్లో, చెప్పనా? ఆకాశంలోకి లిఫ్టు."

"మన ఆఫీసు లిఫ్టు ముందు మూడో అంతస్తు దాకా వెళ్ళమను."

"వినండి! పైనుంచి తాడు దింపుతారట. ముప్పై ఆరువేల కిలోమీటర్లు. దాన్ని పట్టుకుని పెట్టెలు పాకుతూ పైకెళ్తాయి. రాకెట్టు అక్కర్లేదు, మంటలక్కర్లేదు. ఎక్కి కూర్చుంటే వారంలో పైన దిగుతారు."

"వారం రోజులు లిఫ్టులోనా? పక్కవాడికి దగ్గొస్తే?"

"మీరెప్పుడూ ఇంతే."

"ఇంతే మరి. ఆ తాడు ఉందా?"

"ఇంకా లేదు. అంత గట్టి తాడు తయారుచెయ్యాలి."

"అంటే తాడు తప్ప అంతా సిద్ధమన్నమాట. కూర్చోవే అమ్మాయ్, నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నేలంతా నువ్వే నునుపు పట్టేలా ఉన్నావు."

"కూర్చుంటే తోచడం లేదు."

"లారీ వచ్చి గంటయింది. డబ్బా సిద్ధం. నా సంతకం పెట్టేశాను. నీ సంతకం ఒక్కటే బాకీ. నూట ఇరవై ఆరు అద్దాలకి టకటకా పెట్టినదానివి, ఆఖరిదానికి ఏమొచ్చింది?"

"ఆఖరిదని కాదు..."

"ఆదివారం కొండకి ప్రయాణం పెట్టుకున్నావు, అందుకా? బెంగా?"

"బెంగేం లేదు."

"మీ అమ్మకైతే కాళ్ళు నేల మీద ఆనట్లేదు. కనపడినవాళ్ళందరికీ చెబుతోంది. మా అమ్మాయి కొండ మీద టెలిస్కోపు దగ్గర కూర్చుంటుంది, మొట్టమొదటి వెలుగు అదే చూస్తుంది, అని. నిన్న పాలవాడికి చెప్పింది. వాడు, జీతమెంతమ్మా, అన్నాడట. నీకు సైన్సు తెలీదు పోరా, అందట."

"అమ్మ అలా అందరికీ చెప్పకూడదు మావయ్యా. ఇంకా వెళ్ళలేదు కదా."

"ఆర్డరొచ్చింది. ఇంకేం కావాలి?"

"ఆర్డర్లు మారతాయి."

"ఎందుకు మారతాయి? అదిగో, మళ్ళీ మోగుతోంది గేటు ఫోను. ఆ మీట నొక్కు. వాడే అయ్యుంటాడు, లారీ డ్రైవరు."

"మేస్త్రిగారూ! నేనేనండీ, డ్రైవర్ని. బండి ఇలాగే ఉంచాలా, ఇంజను ఆపాలా?"

"గంట నుంచీ ఇంజను ఆపలేదా?"

"ఆపానండీ. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆపాను. మనసు ఒకచోట ఉండట్లేదండీ. ఎక్కించేది అద్దమాయె. ఎప్పుడో ఇల్లు మారినప్పుడు చేతిలో ఉన్న అద్దమే పగిలింది నాకు. దీన్ని తీసుకుని కొండెక్కాలి."

"డబ్బాలో స్ప్రింగులున్నాయి. నువ్వు గుంటలో పడ్డా దానికేం కాదు."

"నాకవుతుంది కదండీ. అయినా మేస్త్రిగారూ, పోయిన నెల సముద్రం కింద సొరంగానికి సామాను తోలాను. మా గొప్ప పనండీ. రెండు ఒడ్ల నుంచీ ఒకేసారి తవ్వుకొస్తున్నారు. నడిమధ్యలో కలుస్తారట. ఇంజనీరుగారు చెప్పారు, నాలుగు వేళ్ళ తేడాతో కలుస్తారట!"

"నాలుగు వేళ్ళ తేడానా? మా దగ్గర అంత తేడా వస్తే ఈ కర్మాగారాన్ని ఎత్తేసి కూరగాయలు పండించుకోవడమే."

"మీ దగ్గర ఎంతండీ తేడా?"

"నీ నెత్తి మీద వెంట్రుక ఒకటి పీక్కో."

"పీక్కున్నానండీ. ఉన్నవే నాలుగు."

"దాన్ని నిలువునా రెండువేల పొరలుగా చీల్చు. అందులో ఒక పొర. అంత మిట్ట ఉన్నా అద్దం పనికిరాదు, అంత పల్లం ఉన్నా పనికిరాదు."

"ఓరి నాయనో! ఎలా రుద్దుతారండీ అంత సన్నంగా?"

"మెల్లిగా."

"అదీ నిజమే. మేడంగారున్నారాండీ? ఒక మాట అడగాలి. మనిషి లేకుండా వాటంతటవే నడిచే లారీలు వస్తున్నాయట, నిజమేనా? మా సంఘంలో ఒకటే గోల."

"వస్తున్నాయి. కొన్నిచోట్ల వచ్చేశాయి కూడా."

"మరి తప్పు జరిగితే ఎవర్ని తిడతారండీ?"

"ఏం అడిగారు?"

"అదేనండీ, బండి ఎవర్నో గుద్దిందనుకోండి. లోపల మనిషి లేడు. ఎవడిది తప్పు? బండి, నేనే గుద్దాను, అని ఒప్పుకుంటుందా?"

"అది... దానికి రికార్డు ఉంటుంది. బొమ్మలు తీసి పెట్టుకుంటుంది. చూస్తే తెలుస్తుంది."

"అయితే మనుషులకన్నా నయమేనండీ. సరే, ఇంజను ఆపుతున్నా. తొందరగా పంపండి. వెలుగుండగానే ఘాట్ రోడ్డు ఎక్కాలి."

"పెట్టేశాడు. మంచివాడు పాపం. ఏమే, ఆ మొహమేమిటి? పేపరు మడిచి మడిచి చీలికలు చేస్తున్నావు."

"మావయ్యా, కరెంటు కోసం సీసాలో సూర్యుణ్ణి చెయ్యడం గురించి చదివారా?"

"ఎప్పుడడిగినా ఇంకో ఇరవై ఏళ్ళంటారు. నేను నిక్కర్లేసుకున్నప్పుడూ ఇరవై ఏళ్ళే. అమ్మాయ్, ఇటు చూడు."

"ఈసారి నిజంగానే..."

"ఇటు చూడమన్నానా! వేలన్నావు, లిఫ్టన్నావు, సూర్యుడన్నావు. చిన్నప్పుడు మీ అమ్మ కూడా ఇంతే. మా ఇంట్లో నిలువుటద్దం పగలగొట్టి, సాయంత్రం దాకా వసపిట్టలా నాతో కబుర్లే కబుర్లు. చివరికి మా నాన్న వచ్చి చూస్తే అప్పుడు బయటపడింది. ఏం పగలగొట్టావు నువ్వు?"

"నేనా? నేనేం పగలగొట్టలేదు."

"మరి?"

"పొద్దున్న పరీక్షలో గుంట వచ్చింది."

"ఏ గుంట?"

"అద్దం మీద. దక్షిణం అంచున. మొన్న మిట్ట ఉందని మీకు కాగితం ఇచ్చాను కదా, అక్కడే. సరిగ్గా అక్కడే."

"అక్కడ మిట్ట కదా ఉంది? నువ్వే ఇచ్చావు. సోమవారం కాగితం ఇచ్చావు, మంగళవారమంతా నేను అక్కడే రుద్దాను. మిట్ట పోయుండాలి."

"మిట్ట పోవడం కాదు, గుంట పడింది. మిట్ట ఎంత ఎత్తు ఉందో గుంట అంత లోతుంది."

"ఎక్కువ రుద్దానంటావా?"

"లేదు."

"దాపరికం వద్దు. నా చెయ్యి బరువెక్కిందని నాకూ అనుమానంగానే ఉంది ఈమధ్య. చెప్పెయ్. ఎక్కువ రుద్దాను, అంతేనా?"

"లేదు మావయ్యా! మీరు ఎంత తియ్యాలో అంతే తీశారు. గీత గీసినట్టు తీశారు. అక్కడ మిట్ట ఉండుంటే ఇప్పుడు చదునుగా ఉండేది."

"ఉండుంటే ఏమిటే? లేదా అక్కడ మిట్ట?"

"లేదు. అది మిట్ట కాదు. వేడి."

"ఏమిటీ?"

"అద్దం వేడికి ఉబ్బింది. సోమవారం పరీక్ష జరిగినప్పుడు అక్కడ వెచ్చగా ఉంది. ఆ ఉబ్బు గంటలో దిగిపోయుంటుంది. మర్నాడు మీరు రుద్దేసరికి అక్కడేం లేదు. బాగున్న అద్దాన్ని రుద్దారు."

"అయ్యో. అయ్యయ్యో."

"అవును."

"నాలుగు నెలల పనే తల్లీ! గుంటని పూడ్చలేం. గుంట దగ్గరికి మొత్తం అద్దాన్ని దించుకురావాలి. మనిషంత అద్దం. ఆరు మూలలూ మళ్ళీ మొదట్నుంచీ... అక్కడ కొండ మీద నూట ఇరవై ఆరు బిగించేశారు. ఇదొక్కటే ఖాళీ. పన్ను ఊడిన నోరులా పెట్టుకుని నాలుగు నెలలు కూర్చుంటారా వాళ్ళు?"

"అందుకే అనుకుంటున్నా... పంపేస్తే?"

"ఏమన్నావు?"

"అరచేయంత గుంట మావయ్యా. అంత పెద్ద టెలిస్కోపులో అదెంత? ఎక్కడో ఒక నక్షత్రం పక్కన కాస్త పొగలా కనిపిస్తుంది. లెక్కల్లో సర్దేస్తారు. ఎవరూ..."

"పదమూడు వందల కోట్ల ఏళ్ళు దారిలో ఎక్కడా ఆగకుండా వస్తుంది ఆ వెలుగు. నువ్వే చెప్పావు నాకు. భూమి లేనప్పుడు బయల్దేరి, ఇంత దూరం వచ్చి, చివరికి మన గుంటలో కాలు మడతపడి పడాలా? నూట ఇరవై ఆరు అద్దాలు నిజం చెబుతుంటే ఇదొక్కటీ అబద్ధం చెప్పాలా?"

"సరే, సరే. ఊరికే అన్నాను."

"ఊరికే కూడా అనకు. లారీ ఖాళీగా వెళ్తుంది. అది తేలిపోయింది. ఇప్పుడు చెప్పు. వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే ఆలోచిస్తున్నా."

"పరీక్ష గదిలో ఎండ పడే కిటికీ లేదు. దీపాలు చల్లటివి. పరీక్షకి ముందు పన్నెండు గంటలు ఆ గదిలోకి ఈగ కూడా వెళ్ళకూడదు. మనమే పెట్టుకున్న నియమం. మిషనుని నువ్వు బయటి నుంచే నడుపుతావు. తాళంచెవి ఎవరెవరి దగ్గరుంది?"

"రెండే. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర."

"తాళాల పుస్తకంలో?"

"సోమవారం పొద్దున్న ఎవరి సంతకమూ లేదు."

"మరి?"

"మావయ్యా... మీరు సోమవారం పొద్దున్న లోపలికేమైనా వెళ్ళారా?"

"నేనా?"

"ఊరికే అడుగుతున్నా. మర్చిపోయుంటారేమో అని."

"నేను సోమవారం ఆ గడపే తొక్కలేదు. పన్ను సలుపుతుంటే డాక్టరు దగ్గరికి పోయాను. పదింటికి వచ్చాను. వచ్చేసరికి నీ పరీక్ష అయిపోయి కాగితం కూడా బల్ల మీద ఉంది."

"డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు? ఎనిమిదింటికి ఆసుపత్రి తెరవరు కదా. ముందు ఇటొచ్చి వెళ్ళారేమో."

"రాలేదంటున్నాగా!"

"కోప్పడకండి."

"కోపం కాదే. ముప్పై నాలుగేళ్ళలో పరీక్షకి ముందు అద్దం మీద చెయ్యేశానా ఎప్పుడైనా? చెయ్యి పెట్టడం ఎప్పుడు? పరీక్షలన్నీ అయ్యాక, వెండి పూతకి వెళ్ళేముందు. పనిచేసినవాళ్ళందరూ వరసగా వచ్చి ఒక్కొక్కళ్ళు ఒక్కసారి ఒట్టి అరచెయ్యి ఆనించి, పోయిరా, అని పంపిస్తారు. మా గురువు పెట్టిన పద్ధతి. అది కూడా నీ సంతకం అయ్యాకే. నీకు తెలీనిదా?"

"తెలుసు. కానీ ఇది ఆఖరిది కదా మావయ్యా. మళ్ళీ చెయ్యి పెట్టే రోజుకి ఉంటామో ఉండమో అని ముందే ఒకసారి... అలా అనిపించడం తప్పు కాదు కదా. అర నిమిషం. పరీక్షకి ఇంకా టైముందిలే, చల్లారిపోతుందిలే అనుకుని..."

"ఎవరు అనుకుని?"

"మీరు. మీరేమైనా అలా అనుకున్నారేమో అని. చెయ్యి అని ఎందుకంటున్నానంటే, బొమ్మ ఉంది."

"ఏ బొమ్మ?"

"మిషను మొదట తీసే ముడి బొమ్మ. మీకిచ్చే కాగితంలో అదుండదు. దాన్ని సాపుచేసి, ఎత్తుపల్లాల అంకెలేసి మీకిస్తాను. అందులో వట్టి గుండ్రటి మిట్టే కనిపించింది సోమవారం. ఇవాళ గుంట చూశాక, పాత ముడి బొమ్మ తీసి చూశాను. అందులో చెయ్యి ఉంది."

"ఏదీ?"

"చూడాలా? చెప్పాను కదా, చెయ్యే."

"ఇటు తిప్పు ఆ తెర."

"అదిగో. ఎర్రగా ఉన్నదంతా వేడి. చూశారా, ఇది అరచెయ్యి. ఇవి వేళ్ళు. గాజు మీద మన చేతి వెచ్చదనం ఇంతసేపు నిలుస్తుందని నాకూ తెలీదు. పుస్తకాల్లో ఉంటుంది కానీ కళ్ళతో చూడటం వేరు కదా. బాగుంది కూడా, ఒకరకంగా. పైన నక్షత్రాల్ని చూడ్డానికి చేసిన అద్దం మనిషి చేతిని చూసి పెట్టుకుంది. అంటే, జరగకూడనిదే, కానీ... మావయ్యా? ఏమిటి అంతసేపు చూస్తున్నారు?"

"కళ్ళజోడు ఇవ్వు. బల్ల మీదుంది."

"ఇదిగో. కుడిచెయ్యే అనుకుంటా. బొటనవేలు ఇటుంది కదా."

"ఊఁ. కుడిచెయ్యే."

"ఇద్దరం కుడిచేతి వాటమే. దాన్నిబట్టి తేలదు. సైజునిబట్టి చెబుదామా అంటే, వేడి పక్కలకి పాకుతుంది, చిన్న చెయ్యి కూడా పెద్దగా కనిపిస్తుంది."

"పాకుతుంది. పాకుతుంది. ఎప్పుడు తీసింది ఇది?"

"ఎనిమిదింబావుకి."

"నువ్వు ఎన్నింటికొచ్చావు సోమవారం?"

"నేనా? ఎప్పటిలాగే. ఎనిమిదికి."

"కొండ మీద నుంచి నీ ఆర్డరు ఎప్పుడొచ్చింది?"

"అదెందుకిప్పుడు?"

"చెప్పవే."

"ఆదివారం సాయంత్రం. మర్నాడే బయల్దేరమన్నారు మొదట. తర్వాత వారం గడువిచ్చారు."

"మర్నాడే రమ్మన్నారు. ఊఁ. అయితే చెయ్యి పెట్టే రోజుకి ఉండేదానివి కాదు."

"మావయ్యా, దీనికీ దానికీ ఏమిటి సంబంధం?"

"ఏం లేదు. ఊరికే. ఎవరు చేశారో తేలితే ఏం చేస్తారు వాళ్ళు?"

"కర్మాగారం పెద్దాయనకి రిపోర్టు రాయాలి. నాలుగున్నరకల్లా పంపమన్నారు. కారణం రాయకుండా అద్దం ఆపడానికి వీల్లేదు. మేస్త్రి అయితే..."

"మేస్త్రి సంగతి నాకు తెలుసు. టెస్టరు అయితే?"

"టెస్టరు అయితే ఇంకేముంది? అద్దం ముట్టుకుని, పరీక్ష చేసి, సంతకం పెట్టి పంపినదాన్ని కొండెక్కనిస్తారా? ఈ పనిలోనే ఉండనివ్వరు. ఎక్కడా ఉండనివ్వరు. చదివిన చదువంతా... అమ్మ ఊళ్ళో తలెత్తుకోగలదా?"

"పాలవాడికి కూడా చెప్పింది."

"నవ్వకండి మావయ్యా, ప్లీజ్."

"నవ్వడం లేదమ్మా."

"నేను మిమ్మల్ని అనడం లేదు. కానీ రెండు తాళంచెవులే ఉన్నాయి. రెండు చేతులే ఉన్నాయి. ఏదో ఒకటి రాయాలి కదా."

"అవును."

"ఏం అవును?"

"నేనే."

"ఏమిటి?"

"నేనే పెట్టాను చెయ్యి. ఇప్పుడు గుర్తొచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఇటొచ్చాను. పన్ను నొప్పికి రాత్రంతా నిద్రలేదు, బుర్ర పనిచెయ్యలేదు. నీ పరీక్ష శనివారమే అయిపోయిందనుకున్నాను. ఆఖరిది కదా, ఒకసారి చెయ్యి పెట్టి పోదామనిపించింది. పెట్టాను."

"నిజంగానా?"

"రాసుకో."

"ఇందాక గడపే తొక్కలేదన్నారు."

"ఇందాక భయమేసింది. ముసలాడికి భయం వెయ్యకూడదా? రాసుకో, టైమవుతోంది."

"మావయ్యా, మీకేం చేస్తారో..."

"ఏం చేస్తారే? రెండు నెలల్లో ఇంటికి పంపేవాణ్ణి రెండు రోజుల్లో పంపుతారు. తోటకూర మళ్ళకి నీళ్ళు పోసుకుంటాను. లేదంటే నువ్వు చెప్పిన లిఫ్టుకి తాడు పేనుకుంటాను."

"అద్దం వెనక మీ గుర్తు... తొమ్మిది కిరణాల సూర్యుడు."

"చెరిపేస్తారు. తప్పు జరిగిన అద్దం మీద మేస్త్రి గుర్తు ఉంచరు. నాకు తెలుసు."

"ఒక్కటి కూడా వెనక్కి రాలేదు మీది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటి కూడా."

"రాలేదు. అదొక్కటే కాస్త... సర్లే. గొప్పలు చెప్పుకోవడానికి మిగిలినవి ఉన్నాయిగా. రాశావా?"

"రాస్తున్నా."

"మెల్లిగా రాయి. ఏదీ, చదువు."

"'సోమవారం ఉదయం పరీక్షకు ముందు మేస్త్రి గదిలోకి వెళ్ళి అద్దం మీద చెయ్యి ఉంచారు. ఆ వేడికి వచ్చిన ఉబ్బును అసలైన మిట్టగా పొరబడి...'"

"ఎవరు పొరబడి? మధ్యలో వదిలెయ్యకు. 'తాను చెయ్యి ఉంచిన సంగతి మేస్త్రి టెస్టరుకు చెప్పలేదు' అని రాయి. అది లేకపోతే నీ మీదికి వస్తుంది."

"అలా రాస్తే మీరు దాచిపెట్టినట్టవుతుంది!"

"అలాగే రాయాలి. రాయి."

"సరే, రాస్తున్నా."

"రాశావా? ఇటివ్వు. కలం ఏదీ? ఇదిగో, అయింది. మళ్ళీ మోగుతోంది గేటు ఫోను. నువ్వుండు, నేను మాట్లాడతాను. ఏమయ్యా డ్రైవరూ!"

"ఏమైందండీ మేస్త్రిగారూ? ఎండ దిగిపోతోంది."

"అద్దం ఇవాళ రాదు."

"రాదా? ఎప్పుడొస్తుందండీ?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలా! పగిలిందాండీ?"

"పగల్లేదు. నీ వెంట్రుకలో రెండువేలో వంతు తేడా వచ్చింది."

"దానికి నాలుగు నెలలా? ఎవరండీ అంత తప్పు చేసింది?"

"నేనేనయ్యా. నువ్వు జాగ్రత్తగా పో. ఖాళీ బండే కదా, భయం లేదు నీకు."

"ఏమోనండీ. ఖాళీగా వెళ్తుంటేనే ఎక్కువ కుదుపుతుంది. మళ్ళీ నన్నే పిలవండి. మీరే ఉంటారు కదా అప్పటికి?"

"చూద్దాం. పోయిరా."

"మావయ్యా."

"ఊఁ."

"ఒక మాట చెప్పాలి."

"వద్దు."

"వినండి. సోమవారం పొద్దున్న నేను..."

"వద్దన్నానా! లిఫ్టు గురించి చెప్పు. సూర్యుడి గురించి చెప్పు. పొద్దున్నుంచీ బోలెడు కబుర్లున్నాయిగా నీ దగ్గర. అవే బాగున్నాయి."

"నేనిక్కడ ఇంక ఉండలేను మావయ్యా."

"కిటికీ తీస్తానుండు. అద్దం పాడైపోయిందిగా, ఇంక దుమ్ము పడితే మాత్రమేం? ఇంతకీ ఆ రిపోర్టుతో బొమ్మ కూడా పంపుతున్నావా?"

"పంపాలి కదా. రుజువు అదొక్కటే. పెద్దాయన మొదట అదే అడుగుతారు."

"అడుగుతాడు. మేమిద్దరం ఒకేరోజు చేరాం ఈ పనిలో. ఆ కోత మిషను దగ్గర నన్ను ఎత్తుకుని పరిగెత్తింది ఆయనే."

"అయితే ఏం?"

"ఏం లేదు. పంపేముందు ఆ బొమ్మలో వేళ్ళు ఒక్కసారి లెక్కపెట్టుకో తల్లీ. ఐదున్నాయి."